మాస్టారూ, మళ్లీ ఫార్మాట్ కొట్టకండి

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్లుంది. మా అమ్మాయి ఉద్యోగంలో చేరాక తన పాత ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలేసింది. ఐదో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి, 11 దీనికి ఎక్కదన్నారు. ఆర్చ్ లైనక్స్ అయితే ఒక్కో ముక్కా మనమే పేర్చుకోవచ్చని విని, వీడియో చూస్తూ మొత్తం డిస్కు దానికే ఇచ్చేసి మూడు పార్టిషన్లు చేశాను. మొదటిసారి రీస్టార్ట్ చేస్తే బూటబుల్ డివైస్ లేదంది. అంతా చెరిపి మళ్లీ పెట్టాను. రెండోసారి నల్ల తెర మీద లాగిన్ అడిగింది, లోపలికి వెళ్లాను, కానీ వైఫై లేదు. నానో అని కొడితే అలాంటి కమాండే లేదంటోంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నప్పుడు ఈ రెండూ పనిచేశాయి! ఈ ఆదివారం మూడోసారి మొదలుపెడదామనుకుంటున్నాను. అమ్మాయేమో ఆర్చ్‌ఇన్‌స్టాల్ అని ఒకటుంది, అదే చేసిపెడుతుంది, ఎందుకు నాన్నా ఈ తలనొప్పి అంటోంది. నాకు కావలసింది తెలుగులో ప్రశ్నపత్రాలు చేసుకోవడం, ఇంటర్నెట్, లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడం. ఏం చేయమంటారు?

జవాబు:

మాస్టారూ, ముందు ఆ ఆదివారం ప్రోగ్రాం రద్దు చేసుకోండి. రెండోసారి మీరు పెట్టింది ఫెయిల్ కాలేదు, పాసైంది. నల్ల తెర మీద లాగిన్ అడిగిందంటే సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్ పనిచేసింది, సిస్టమ్ గుండెకాయలాంటి కెర్నెల్ ఎక్కింది, సిస్టమ్ ఫైళ్లుండే మీ రూట్ పార్టిషన్ దొరికింది, పాస్‌వర్డ్ సరిపోయింది. కష్టమైన భాగమంతా అయిపోయినట్టే. మీకిప్పుడు లేనివి రెండే రెండు ప్యాకేజీలు. వాటికోసం మొత్తం చెరిపేయడం అంటే, పదో స్టెప్పులో కూడిక తప్పిందని పిల్లాడి పేపరంతా చింపేసి మొదటినుంచి రాయమన్నట్టు. మీరు క్లాసులో అలా చేయరని నాకు నమ్మకముంది.

పెన్‌డ్రైవ్‌లో పనిచేసినవి డిస్కులో ఎందుకు పనిచేయలేదన్నదే మీ ప్రశ్నలో అసలు ముడి. దాదాపు కొత్తగా ఆర్చ్ పెట్టే ప్రతివాళ్లూ ఇక్కడే తడబడతారు, ఎందుకంటే ఏ వీడియోలోనూ దీన్ని ఆగి చెప్పరు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినప్పుడు మీరున్నది ఒక పూర్తి సిస్టమ్‌లో. అందులో ఫైళ్లు దిద్దే ఎడిటర్ నానో ఉంది, వైఫై కలిపే ఐడబ్ల్యూసీటీఎల్ ఉంది, ఇంకా బోలెడన్ని పనిముట్లున్నాయి. అది ర్యామ్‌లో నడిచి ర్యామ్‌లోనే పోతుంది. డిస్కు మీద మీరు కడుతున్నది ఇంకో సిస్టమ్. పాక్‌స్ట్రాప్ అనే కమాండు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవాటిని డిస్కు మీదికి కాపీ చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది చేసేది ఆ పని కాదు. మీరు పేరు పెట్టి అడిగిన ప్యాకేజీలను నెట్‌లోంచి తెచ్చి అక్కడ పెడుతుంది, అంతే. మీరు అక్కడ బహుశా బేస్, లైనక్స్, లైనక్స్‌ఫర్మ్‌వేర్ అని మూడే అడిగి ఉంటారు, మూడే వచ్చాయి. బేస్‌లో ఎడిటర్ ఉండదు, నెట్‌వర్క్ మేనేజర్ ఉండదు, మామూలు యూజర్ రూట్ అధికారంతో కమాండ్లు నడిపే సుడో కూడా ఉండదు. అడగనిది ఇవ్వకపోవడమే దాని పద్ధతి.

ఈ పద్ధతి ఇవాళ్టిది కాదు. 2002 మార్చిలో కెనడా ప్రోగ్రామర్ జడ్ వినెట్ ఆర్చ్ మొదటి విడుదల తెచ్చినప్పటి నుంచీ ఉన్నదే. అంతకుముందు క్రక్స్ అనే చిన్న డిస్ట్రో (లైనక్స్ రకం) ఒకటి నచ్చి, దాన్ని చూసి ఈయన తనకోసం ఒకటి కట్టుకున్నాడు. ఆర్చ్ వాళ్లు సింపుల్ అంటే వాడడానికి సులువు అని కాదు, లోపల దాపరికం లేదని. పైపూత లేని గోడలాంటిది, ఇటుకలు కనబడుతుంటాయి. మధ్యలో కొన్నాళ్లు మెనూలతో నడిచే ఇన్‌స్టాలర్ ఒకటుండేది, దాన్ని చూసుకునేవాళ్లు లేక 2012లో తీసేశారు. అప్పటినుంచే ఈ చేత్తో పెట్టడం అనే పేరు గట్టిపడింది. మీ అమ్మాయి చెప్పిన ఆర్చ్‌ఇన్‌స్టాల్ 2021లో అధికారిక ఐఎస్ఓలోకి, అంటే మనం పెన్‌డ్రైవ్‌కి ఎక్కించే ఫైల్లోకి, వచ్చింది. దాన్ని వాడడం మోసమేమీ కాదు. రేపు స్కూల్లో పది కంప్యూటర్లకు పెట్టాల్సి వస్తే నేనైనా అదే వాడతాను. కానీ మీరు లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్నారు, పైగా తొంభై శాతం దారి నడిచేశారు, ఇప్పుడు వెనక్కెళ్లి బస్సెక్కడం దేనికి?

సరే, పనిలోకి దిగుదాం. కమాండ్ల పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, అక్షరం అక్షరం స్పెల్లింగు కోసం ఫోన్లో ఆర్చ్ వికీలోని ఇన్‌స్టాలేషన్ గైడ్ తెరిచి పక్కన పెట్టుకోండి. ఆ వీడియో మాత్రం మూసేయండి. వీడియో తీసిన రోజున అది కరెక్టే అయ్యుంటుంది, కానీ ఆ తర్వాత ఏం మారిందో దానికి తెలియదు. వికీని రోజూ ఎవరో ఒకరు దిద్దుతూనే ఉంటారు.

మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి, ఐడబ్ల్యూసీటీఎల్‌తో వైఫై కలపండి. అది మొరాయిస్తే ఫోన్ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, ఆండ్రాయిడ్ ఫోనైతే చాలాసార్లు ఏమీ కొట్టకుండానే నెట్ వచ్చేస్తుంది. తర్వాత ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొడితే డిస్కుల జాబితా వస్తుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ 500 జీబీ డిస్కు అక్కడ దాదాపు 466జీ అని కనబడుతుంది, ఎవరో 34 జీబీ కొట్టేశారని కంగారుపడకండి. డిస్కు కంపెనీ 500ని పది టు ది పవర్ తొమ్మిదితో గుణిస్తుంది, ఈ కమాండేమో రెండు టు ది పవర్ ముప్ఫైతో భాగిస్తుంది. కాగితం మీద చేసి చూసుకోండి, మీ తొమ్మిదో తరగతి పిల్లలకి మంచి లెక్క కూడా. ఏది మీ డిస్కు, ఏది పెన్‌డ్రైవ్ అన్నది పేరు చూసి కాదు, ఈ సైజు చూసి గుర్తుపట్టాలి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే డిస్కులకు లైనక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు శాశ్వతం కావు. ఇవాళ ఎస్‌డీఏ అయినది రేపు రీబూట్ చేశాక ఎస్‌డీబీ కావచ్చు. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, నా మొదటి ఇన్‌స్టాలేషన్‌లో బ్యాకప్ కోసమని ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించే ఉంచి, మధ్యలో ఓసారి రీబూట్ చేసి, ఇందాక ఎస్‌డీబీ కదా అని చూడకుండా ఫార్మాట్ కొట్టాను. అందులో మా అక్కావాళ్ల గృహప్రవేశం ఫోటోలున్నాయి. బావగారు పెద్దమనిషి, నవ్వి ఊరుకున్నారు. అక్క మాత్రం సంక్రాంతికి వెళ్లినా నాతో ముభావంగానే ఉంది. పేర్లు ఇలా మారతాయి కాబట్టే, బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో పార్టిషన్లను పేరుతో కాకుండా యూయూఐడీ అనే పొడవాటి నంబరుతో రాస్తారు, ఆ ఫైలు రాసే జెన్‌ఎఫ్‌స్టాబ్ కమాండులో పెద్ద యూ పెట్టేది అందుకే. మీ అమ్మాయి కాలేజీ ఫోటోలు ఆ డిస్కులో ఉండేవేమో మీరు రాయలేదు. ఉన్నాయా లేదా అని తనని అడిగారా? రెండుసార్లు చెరిపేశాక ఇప్పుడు చేయగలిగింది పెద్దగా లేదు గానీ, వేరేచోట కాపీ ఉందేమో కనుక్కోండి.

ఇక మౌంట్ చేయడం. మూడు పార్టిషన్లలో పెద్దది రూట్, దాన్ని ఎంఎన్‌టీ అనే ఫోల్డరు మీద మౌంట్ చేయాలి. ఆ తర్వాతే బూట్ ఫైళ్లుండే 1 జీబీ ఈఎఫ్ఐ పార్టిషన్‌ని ఎంఎన్‌టీ లోపలి బూట్ ఫోల్డరు మీద. ఈ వరుస తిరగేస్తే రూట్ వచ్చి ముందున్నదాన్ని కప్పేస్తుంది, మీరు బూట్ ఫైళ్లు రాస్తున్నామనుకుంటూ ఇంకెక్కడో రాస్తుంటారు. ర్యామ్ చాలనప్పుడు వాడే స్వాప్ పార్టిషన్ జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు. మరీ ముఖ్యంగా, ఫార్మాట్ చేసేసే ఎంకేఎఫ్ఎస్ అన్న పేరుతో మొదలయ్యే ఏ కమాండూ ఇవాళ మీ వేలికి తగలకూడదు. మౌంట్ అంటే తాళం తీసి లోపలికి వెళ్లడం, ఎంకేఎఫ్ఎస్ అంటే పొక్లెయిన్ తెప్పించడం.

మౌంట్ అయ్యాక ఆర్చ్‌క్రూట్ అని, పక్కన ఎంఎన్‌టీ అని కొట్టండి. ఎంటర్ నొక్కగానే ముందున్న ఆ ప్రాంప్ట్ రంగూ రూపూ మారుతుంది చూడండి. అదొక్కటే గుర్తు. ఇప్పుడు మీరు పెన్‌డ్రైవ్ సిస్టమ్‌లోంచి డిస్కు మీది సిస్టమ్‌లోకి అడుగుపెట్టారు, పైగా పెన్‌డ్రైవ్ తెచ్చిన ఇంటర్నెట్ ఇక్కడా పనిచేస్తుంది. ఇక్కడ ప్యాకేజీలు పెట్టే పాక్‌మన్‌ కమాండుతో నెట్‌వర్క్‌మేనేజర్, నానో, సుడో మూడూ ఒకేసారి పెట్టేయండి, పాక్‌మన్ పక్కన హైఫన్, పెద్ద ఎస్, చిన్న వై, చిన్న యూ. ఆ పక్కనే ఇంటెల్‌యూకోడ్ కూడా వేసుకోండి, మీది ఇంటెల్ ప్రాసెసరే కాబట్టి అందులోని లోపాలకు కంపెనీ ఇచ్చే సవరణలు దాంతో వస్తాయి. అది పెట్టినప్పుడు మీ బూట్‌లోడర్ అయిన గ్రబ్ మెనూని గ్రబ్‌ఎంకేకాన్ఫిగ్‌తో మళ్లీ ఒకసారి రాయించాలి.

ప్యాకేజీ పెట్టడం వేరు, దాన్ని బూట్ అవగానే నడవమని చెప్పడం వేరు. రెండోది మర్చిపోతే మళ్లీ ఇదే కథ. సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ అని కొట్టి సర్వీసు పేరు ఇవ్వాలి. ఇక్కడో చిన్న గోతి ఉంది. ప్యాకేజీ పేరు నెట్‌వర్క్‌మేనేజర్ అన్నీ చిన్న అక్షరాలే. సర్వీసు పేరులో మాత్రం ఎన్, ఎం రెండూ పెద్దక్షరాలు. చిన్నవి కొడితే అలాంటి యూనిట్ లేదంటుంది, మీరేమో ప్యాకేజీయే సరిగా పడలేదనుకుని దాన్ని తీసి మళ్లీ పెడుతూ కూర్చుంటారు. నేను కూర్చున్నాను.

ఆ తర్వాత ఎగ్జిట్, ఆ తర్వాత యూమౌంట్, రీబూట్, పెన్‌డ్రైవ్ పీకేయండి. నల్ల తెర మీద లాగిన్ అయి ఎన్ఎంటీయూఐ అని కొడితే నీలం, బూడిద రంగుల్లో డబ్బా ఒకటి వస్తుంది, బాణం కీలతో వైఫై పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి.

దీన్నంతా ఇంత సాగదీసి చెప్పడానికి కారణం వైఫై కాదు. ఈ దారి, అంటే పెన్‌డ్రైవ్, మౌంట్, క్రూట్, ఇది ఒక్కసారి మీ చేతికి అలవాటైందంటే ఇక ఆర్చ్‌లో ఏది తేడా చేసినా టెన్షన్ ఉండదు. రూట్ పాస్‌వర్డ్ మర్చిపోయారా, ఇదే దారిన వెళ్లి పాస్‌డబ్ల్యూడీ అని కొట్టి కొత్తది పెట్టండి, కొడుతున్నప్పుడు చుక్కలు కూడా పడవు, కీబోర్డు పాడైందనుకోకండి. ఎఫ్‌స్టాబ్‌లో తప్పు రాశారా, ఇదే దారిన వెళ్లి దిద్దండి. మీ మొదటి ప్రయత్నం కూడా ఇలాగే బతికేదే. బూటబుల్ డివైస్ లేదందంటే బహుశా గ్రబ్ ప్యాకేజీ దింపుకుని గ్రబ్‌ఇన్‌స్టాల్ కొట్టడం మర్చిపోయి ఉంటారు, రెండూ వేరువేరు పనులు. లేదా పెన్‌డ్రైవ్ ఈఎఫ్ఐ కాకుండా పాత లెగసీ పద్ధతిలో బూట్ అయి ఉండొచ్చు. లేదా ఈ కాలం ల్యాప్‌టాప్‌లకు కొన్నిటికి ఉన్న జబ్బు ఒకటుంది, మనం రాసిన బూట్ ఎంట్రీని పట్టించుకోకుండా ఈఎఫ్ఐ పార్టిషన్‌లో బూట్ అనే ఫోల్డర్లో ఒకే ఒక్క ఫైలు కోసం వెతుకుతాయి. గ్రబ్‌ఇన్‌స్టాల్‌కి రిమూవబుల్ అనే ఆప్షన్ కలిపితే గ్రబ్‌ని సరిగ్గా ఆ చోటే పెడుతుంది. రెండు నిమిషాల పని, మీరు దానికోసం ఒక ఆదివారం ఖర్చు పెట్టారు.

ఎఫ్‌స్టాబ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. జెన్‌ఎఫ్‌స్టాబ్ లైన్లో రెండు బాణం గుర్తులుంటాయి, అంటే ఉన్న ఫైలుకి కింద కలపమని. పనిచేసిందో లేదో అని అనుమానంతో రెండుసార్లు కొడితే అవే వరుసలు రెండుసార్లు పడతాయి. మీరు రెండోసారి పెట్టినప్పుడు జాగ్రత్త పడి ఉంటారనుకోండి, అయినా నానో వచ్చాక ఒకసారి తెరిచి చూడండి.

భాష దగ్గర, అంటే లొకేల్ దగ్గర, వీడియోలన్నీ అమెరికా ఇంగ్లీష్ ఎంచుకోమంటాయి. మీరు ఇండియా ఇంగ్లీష్ ఎంచుకోండి, లొకేల్‌జెన్ ఫైల్లో ఆ వరుస ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి లొకేల్‌జెన్ కమాండు కొట్టాలి. అమెరికాది పెడితే కాగితం సైజు లెటర్ అని వస్తుంది, మీ ప్రశ్నపత్రం ఏ4 మీద తీస్తే అంచులు అటూ ఇటూ అవుతాయి, తప్పెక్కడుందో తెలియక ప్రింటర్ని తిడతారు. మరి తెలుగే పెట్టేయొచ్చు కదా అంటారేమో. వద్దు. ఆ నల్ల తెర కన్సోల్‌కి తెలుగు అక్షరాలు చూపించడం రాదు, రేపెప్పుడో ఏదైనా పాడై ఎర్రర్ వచ్చినప్పుడు ఆ మెసేజ్ చతురస్రాలుగా కనబడుతుంది. తెలుగు సంగతి డెస్క్‌టాప్ మీదికి వచ్చాక చూసుకుందాం, అక్కడ అన్నీ చక్కగా ఉంటాయి.

ఈ 4 జీబీ ర్యామ్‌కి డెస్క్‌టాప్‌గా ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకోండి, దాంతోపాటు తెర మీద కిటికీలు చూపించే ఎక్స్‌ఆర్గ్, లాగిన్ తెర నడిపే లైట్‌డీఎం, దాని జీటీకే గ్రీటర్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్. లైట్‌డీఎంని కూడా ఎనేబుల్ చేయాలని గుర్తుందిగా. గ్నోమ్, కేడీఈ బాగుంటాయి, కానీ మీ ర్యామ్ మీద బ్రౌజర్ ఒక్కటే పెద్ద బరువు, దానికి చోటు మిగల్చండి. అంతకన్నా ముందు, మాస్టారూ, ఆ తిరిగే హార్డ్‌డిస్కు తీసేసి చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి వేయించండి. ఏ లైనక్స్ పెట్టినా, ఎంత తేలికైన డెస్క్‌టాప్ ఎంచుకున్నా రాని తేడా దాంతో వస్తుంది. పైన చెప్పిందంతా దాని మీద మళ్లీ చేయాల్సి వస్తుంది నిజమే, అప్పుడు మాత్రం మూడోసారి పెట్టడానికి అర్థముంది, ఈసారి గంటలో అవుతుంది చూడండి.

ఇప్పుడు మీకు అసలు కావలసింది, తెలుగు. డెస్క్‌టాప్ రాగానే ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు పేపరు తెరిస్తే అన్నీ డబ్బాలే కనబడతాయి. కారణం మళ్లీ అదే, మీరు ఫాంట్లు అడగలేదు. నోటోఫాంట్స్ ప్యాకేజీ పెట్టండి, తెలుగు అందులోనే ఉంది. టైపింగుకి మీకు ఇన్‌స్క్రిప్ట్ (నేరుగా తెలుగు అక్షరాల కీబోర్డు) వచ్చా? వస్తే ఇంకేమీ దింపక్కర్లేదు, ఎక్స్‌ఎఫ్‌సీఈ కీబోర్డు సెట్టింగుల్లో ఇండియన్ కింద తెలుగు లేఅవుట్ కలుపుకుంటే చాలు. ఇంగ్లీషులో అమ్మ అని కొడితే తెలుగులో పడాలంటే ఐబస్, దాని ఎం17ఎన్ ప్యాకేజీ పెట్టుకోండి. ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతులు ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ అని రెండూ ఉంటాయి అందులో. ఈ ఆర్‌టీఎస్ ఎక్కడిదో కాదు, అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న మన తెలుగువాళ్లు తయారుచేసుకున్నది, పేరులో ఆర్ అంటే ఆ రైసే. తెలుగు లిపి కంప్యూటర్ మీద కనబడడమే గొప్పగా ఉన్న రోజుల్లో వాళ్లు ఈమెయిళ్లలో తెలుగు మాట్లాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటు, ఇప్పటికీ మీ స్కూలు ప్రశ్నపత్రానికి పనికొస్తోంది.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ మీకు తప్పకుండా ఎదురవుతుంది. మీ దగ్గర పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో చేసినవి ఉంటాయి, డీటీపీ సెంటర్లో చేయించినవి అన్నీ దాదాపు అవే కదా. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల కోడు) కాదు. లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే తెలుగు బదులు ఏవేవో ఇంగ్లీష్ గుర్తులు కనబడతాయి. ఇది ఆర్చ్ తప్పు కాదు, ఏ కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా అంతే. ఆ ఫాంటు ఫైలు ఉంటే చదవడం వరకూ పనవుతుంది, కానీ దాంతో టైపు చేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. కాబట్టి పాతవి కావలసినవి యూనికోడ్‌లోకి మార్పించుకోండి, కొత్తవన్నీ యూనికోడ్‌లోనే చేయండి, జిరాక్స్ షాపుకి మాత్రం పీడీఎఫ్ తీసుకెళ్లండి. వాళ్ల కంప్యూటర్లో ఏ ఫాంటుందో మనకెందుకు.

జిరాక్స్ షాపు అంటే గుర్తొచ్చింది. ఒకరోజు మీరు అప్‌డేట్ చేస్తారు, తర్వాత పెన్‌డ్రైవ్ పెడతారు, అది అస్సలు కనబడదు. పోర్టు పోయిందనుకుంటారు. పోదు. అప్‌డేట్‌లో కెర్నెల్ మారినప్పుడు పాత కెర్నెల్ మాడ్యూళ్లను ఆర్చ్ డిస్కులోంచి తీసేస్తుంది, కానీ నడుస్తున్నది ఇంకా పాత కెర్నెలే, దానికి కావలసిన యూఎస్‌బీ ముక్క ఇప్పుడు అక్కడ ఉండదు. రీబూట్ చేస్తే సరి. ఈ ఒక్క సంగతి తెలియక పెన్‌డ్రైవ్‌లు మార్చిచూసినవాళ్లు, కొత్తవి కొన్నవాళ్లు నాకు తెలుసు.

అప్‌డేట్ల గురించి ఇంకాస్త. ఆర్చ్‌కి ఈ ఏడాది వెర్షన్, వచ్చే ఏడాది వెర్షన్ అంటూ ఉండవు, నదిలా పారుతూనే ఉంటుంది. వారానికో పది రోజులకో ఒకసారి పైన చెప్పిన ఎస్, వై, యూ మూడక్షరాలతోనే అప్‌డేట్ చేయండి. చివరి యూ వదిలేసి ఒక్క ప్యాకేజీ మాత్రం కొత్తది తెచ్చుకుంటే దానికి కావలసిన లైబ్రరీలు పాతవే ఉండిపోయి ఏదో ఒకటి విరుగుతుంది, దాన్ని వాళ్లు సపోర్ట్ కూడా చేయరు. ఆర్నెల్లు మూలన పెట్టి ఒక్కసారి చేస్తే ప్యాకేజీల మీది డిజిటల్ సంతకాలు చెల్లవని గొడవ పెడుతుంది, అప్పుడు ముందుగా ఆర్చ్‌లైనక్స్‌కీరింగ్ ప్యాకేజీని కొత్తది చేసుకుని, వెంటనే మిగతాదంతా చేయాలి. చేసేముందు ఆర్చ్ హోంపేజీలో వార్తలు ఒకసారి చూడండి, ఏడాదికి కొన్నిసార్లు ఇది చేతితో చేయాలి అని అక్కడ రాస్తారు. ఇంకా, లైనక్స్‌ఎల్‌టీఎస్ అనే రెండో కెర్నెల్ పక్కన పెట్టుకోండి, కొత్తది ఎప్పుడైనా మొండికేస్తే గ్రబ్ మెనూలోంచి దాంతో వెళ్లిపోవచ్చు. పరీక్షల ముందురోజు రాత్రి అప్‌డేట్ చేసి నాకు ఉత్తరం రాయకండి, నేను తిడతాను.

ఏయూఆర్ అని ఒకటి వింటారు. వాడకందారులే రాసి పెట్టే ప్యాకేజీ రెసిపీల గుట్ట అది. పనికొస్తుంది, నేనూ వాడతాను. కానీ అక్కడ ఎవరైనా ఏదైనా పెట్టొచ్చు. 2018లో అనాథగా వదిలేసిన పీడీఎఫ్ రీడర్ ప్యాకేజీని ఎవరో తీసుకుని దొంగ కోడు కలిపారు. 2025 జులైలో ఫైర్‌ఫాక్స్‌కి ప్యాచ్ అంటూ కంప్యూటర్ని దూరం నుంచి నడిపే మాల్వేర్ పెట్టారు, కనిపెట్టి తీసేశారనుకోండి. మీకు కావలసినవన్నీ ఆర్చ్ వాళ్లే నడిపే అధికారిక రిపాజిటరీల్లోనే (ప్యాకేజీల గోడౌన్లలోనే) ఉన్నాయి, ఇప్పటికి అటువైపు వెళ్లే పని లేదు.

ఇంత విన్నాక, వారం వారం ఈ సేవ నా వల్ల కాదు అనిపిస్తే సిగ్గుపడకుండా డెబియన్‌కో మింట్‌కో వెళ్లిపోండి, ప్రశ్నపత్రాలకు అవి ఆర్చ్ కన్నా నిమ్మళంగా ఉంటాయి, నిజం చెప్పాలంటే మా అమ్మగారి కంప్యూటర్లో నేను పెట్టింది మింటే. ఇప్పుడు చేత్తో నేర్చుకున్న పార్టిషన్, మౌంట్, క్రూట్ మాత్రం అక్కడా అవే, పేర్లు కూడా దాదాపు మారవు.

ఎన్ఎంటీయూఐ డబ్బాలో మీ ఇంటి వైఫై పేరు కనబడకపోతే మాత్రం, లైనక్స్‌ఫర్మ్‌వేర్ నిజంగా పడిందో లేదో పాక్‌మన్, హైఫన్, పెద్ద క్యూతో చూసి, ఎల్ఎస్‌పీసీఐ కొట్టి నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్న వరుస మొత్తం కాగితం మీద రాసుకుని పంపండి. తెరకి ఫోటో తీసి పంపినా ఫర్వాలేదు, కాకపోతే ట్యూబ్‌లైటు వెలుగు తెర మీద పడకుండా తీయండి.